గడ్డిపోచ మీది శత్రువు

1943లో బర్మా సరిహద్దున పోరాడుతున్న సేనల వైద్య లెక్కలు చూసినప్పుడు సేనాపతి విలియం స్లిమ్‌కు ఒక కఠోర సత్యం తెలిసివచ్చింది. గాయపడి వెనుకకు తరలివచ్చిన సైనికుడు ఒక్కడుంటే, జబ్బుపడి తరలివచ్చినవారు 120 మంది ఉన్నారు. శత్రువు తుపాకి కంటె అడవి ఎక్కువ మందిని నేలకూల్చుతున్నదని ఆ అంకెలు చాటాయి. మలేరియా, రక్త విరేచనాలు, చర్మవ్యాధులు అప్పటి వైద్యులకు పరిచయమైనవే. కాని వాటితోపాటు మరొక జ్వరం కూడా ఆ అడవులలో పొంచి ఉన్నది. మలేరియా మందులకు అది లొంగలేదు. పెన్సిలిన్‌కు లొంగలేదు. సైనికుని చంకలోనో, గజ్జలోనో సిగరెట్టుతో కాల్చినట్టుండే చిన్న నల్లని మచ్చ తప్ప అది వచ్చిన జాడ మరొకటి కనిపించేది కాదు. ఆ జ్వరం పేరు స్క్రబ్ టైఫస్, అనగా పొదల టైఫస్.

యుద్ధం ముగిసి ఎనిమిది దశాబ్దాలు గడిచాయి. నాడు మందు లేని ఈ జ్వరానికి నేడు చవకగా దొరికే మాత్ర ఉన్నది. అయినా సరిహద్దు కొండలలో కాపలా కాచే జవానులూ, కోతకు పోయిన కూలీలూ, పశువులను మేపే పిల్లలూ నేటికీ దీనివల్ల ప్రాణాలు కోల్పోతూనే ఉన్నారు. మందు లేక కాదు, జబ్బును సకాలంలో గుర్తుపట్టక. కనుక ఈ వ్యాధి కథ సైన్యానికి మాత్రమే సంబంధించినది కాదు. సైన్యం ఎంతో మూల్యం చెల్లించి నేర్చుకున్న పాఠం పల్లెకు ఎంతవరకు చేరినదన్నదే ఇందులోని అసలు ప్రశ్న.

పిడుదు, మైటు

పశువుల చెవులలోనూ, కుక్కల మెడ కిందనూ పట్టుకొని రక్తం పీల్చే జీవిని కోస్తాలో పిడుదు అనీ, తెలంగాణలో గోమారి అనీ అంటారు. ఇది కీటకం కాదు, సాలెపురుగుల వర్గానికి చెందినది. ఆ వర్గంలోనే మరింత చిన్న జీవులు మైట్లు. బెండ, వంగ చేలను పాడుచేసే ఎర్రనల్లి రైతులకు తెలిసిన మైటే. అయితే స్క్రబ్ టైఫస్‌ను మోసే మైటు మొక్కల మీద బతికేది కాదు. అది నేలలో గుడ్లు పెట్టి, నేలలోనే పెరిగి, జీవితంలో ఒక్కసారి మాత్రం, అదీ పిల్లగా ఉన్నప్పుడే, ఎలుకనో పందికొక్కునో మనిషినో ఆశ్రయిస్తుంది. ఆరు కాళ్లుండే ఈ పిల్లను వైద్యులు చిగ్గర్ అంటారు. దీని పొడవు మిల్లీమీటరులో ఐదో వంతు. కంటికి ఆనీ ఆననంత చిన్నది.

పిడుదులూ మైట్లూ మోసే జ్వరాలలో ముఖ్యమైనవి రికెట్సియా తెగకు చెందిన బాక్టీరియా వల్ల కలుగుతాయి. సాధారణ బాక్టీరియా రక్తంలోనో, గాయంలోనో స్వతంత్రంగా పెరుగుతాయి. ఇవి అలా పెరగలేవు, జీవకణంలో చొరబడితేనే బతుకుతాయి. మన రక్తనాళాల లోపలి పొరలోని కణాలే వీటికి ముఖ్యమైన నెలవు. అందువల్లనే ఈ జ్వరం ఒక్క అవయవానికి పరిమితం కాదు. రక్తనాళం ఉన్న ప్రతి చోటికీ, అనగా ఊపిరితిత్తులకూ మూత్రపిండాలకూ కాలేయానికీ మెదడుకూ పాకగలదు. కణం లోపల దాగిన బాక్టీరియా మీద పెన్సిలిన్ వంటి మందులు పనిచేయవు. మామూలు పద్ధతిలో రక్తాన్ని కల్చరు చేసినా ఇవి పెరగవు. పరీక్షలో ఏమీ కనిపించదు, ఇచ్చిన మందు పనిచేయదు, రోగి మాత్రం క్షీణిస్తూ ఉంటాడు.

రికెట్సియా అన్న పేరు వెనుక ఒక త్యాగం ఉన్నది. పిడుదులు వ్యాపింపజేసే రాకీ పర్వతాల జ్వరాన్ని పరిశోధించిన అమెరికన్ శాస్త్రజ్ఞుడు హోవర్డ్ రికెట్స్, 1910లో మెక్సికోలో టైఫస్ వ్యాధిని పరిశోధిస్తూ దానికే బలి అయ్యాడు. అదే పనిలో ఉన్న ప్రొవాజెక్ 1915లో మరణించాడు. వారి స్మృతికి 1916లో ఈ తెగకు రికెట్సియా అని నామకరణం జరిగింది. స్క్రబ్ టైఫస్ కారకాన్ని కూడా చాలాకాలం ఈ పేరుతోనే పిలిచారు. దాని నిర్మాణం వేరని తేలిన మీదట 1995లో దానిని ఓరియెన్షియా అనే ప్రత్యేక ప్రజాతిగా విడదీశారు. దాని పూర్తి పేరులోని సుత్సుగాముషి అనేది జపాను మాట. అపాయకరమైన పురుగు అని దాని అర్థం. జపానులో నీగాటా ప్రాంతపు నదీతీరాలలో పనిచేసే రైతులు ఈ పురుగును తరతరాలుగా ఎరుగుదురు.

మన దేశంలో పిడుదు ద్వారా వచ్చే జ్వరానికి కూడా శతాబ్దం నాటి చరిత్ర ఉన్నది. ఇండియన్ మెడికల్ సర్వీసుకు చెందిన వైద్యుడు జాన్ మెగా, హిమాలయాల దిగువన కుమావూఁ ప్రాంతంలో కనిపించిన టైఫస్ వంటి జ్వరాన్ని గూర్చి 1917లోనూ, 1921లోనూ రాశాడు. దానికి పిడుదులు కారణం కావచ్చునని ఊహించాడు. ఆ ఊహ నిజమైనది. నేడు దానిని ఇండియన్ టిక్ టైఫస్ అంటారు. కుక్కలను పట్టే గోధుమరంగు పిడుదు దీనిని మోసే జీవులలో ఒకటి. ఈ జ్వరంలో అరచేతులలోనూ అరికాళ్లలోనూ కూడా ఎర్రని దద్దురు పొక్కుతుంది. కుక్కలతోనూ కంచరగాడిదలతోనూ పనిచేసే సైనికులకు, పశువుల మధ్య తిరిగే పల్లె పిల్లలకు దీని ముప్పు సమానమే.

అయితే పిడుదు కరిచిన ప్రతి జ్వరమూ బాక్టీరియా జ్వరం కాదు. 1957లో కర్ణాటకలోని షిమోగా జిల్లాలో బయటపడిన క్యాసనూర్ అడవి జ్వరం కూడా పిడుదుల వల్లనే వస్తుంది. కాని అది వైరస్. దానికి యాంటీబయాటిక్ మందులు పనిచేయవు. మోసే జీవి ఒకటే అయినా మోయబడే శత్రువు వేరు కావచ్చునని వైద్యుడు గుర్తుంచుకోవలసి ఉన్నది.

యుద్ధమే పెంచిన పొద

సైనికునికీ ఈ జ్వరాలకూ ఇంత సంబంధం ఎందుకున్నది? కారణం అతడు బతికే తీరులోనే ఉన్నది. నాగరికుడు నేల మీద నడుస్తాడు. సైనికుడు నేల మీద పడుకుంటాడు, పాకుతాడు, నేలను తవ్వి అందులోనే పగళ్లూ రాత్రులూ గడుపుతాడు. శత్రువు కంట పడకుండా పొదను ఆశ్రయిస్తాడు. చిగ్గర్ కాచుకొని ఉండేది కూడా ఆ పొదలోనే. గడ్డిపోచల చివరలకో, రాలిన ఆకుల మీదికో చిగ్గర్లు గుంపుగా చేరి ఉంటాయి. మనిషి ఊపిరిని పసిగట్టి, బట్టలు తాకిన క్షణాన అంటుకుంటాయి. బెల్టు కింద, గజ్జలలో, చంకలలో, బట్ట బిగువుగా ఉండే చోట ఆగి చర్మాన్ని కొరుకుతాయి. అవి రక్తం తాగవు. తమ లాలాజలంతో చర్మపు కణాలను కరిగించి ఆ ద్రవాన్ని రెండు మూడు రోజులపాటు పీల్చుతాయి. నొప్పి ఉండదు కనుక కరిచిన సంగతే మనిషికి తెలియదు.

మరొక కారణం ఇంకా లోతైనది. స్క్రబ్ టైఫస్ దట్టమైన ఆదిమారణ్యం కంటె, మనిషి ఒకసారి నరికి వదిలివేసిన నేలలో ఎక్కువగా పెరుగుతుంది. పోడు కొట్టి విడిచిన కొండవాలు, పాడుపడిన గ్రామం, బీడుపడ్డ తోట, అడవికీ పొలానికీ నడుమ ఉన్న అంచు, నదీతీరపు గడ్డి, ఇవే దానికి అనువైన చోట్లు. అక్కడ గడ్డి పెరుగుతుంది, గడ్డితో ఎలుకలు పెరుగుతాయి, ఎలుకలతో మైట్లు పెరుగుతాయి. యుద్ధం చేసే పని సరిగ్గా ఇదే. ఊళ్లను ఖాళీ చేయిస్తుంది, పొలాలను బీళ్లుగా మారుస్తుంది, ఆ బీళ్లలోకే సేనలను తిరిగి నడిపిస్తుంది. ఆ విధంగా సైనికుడు తన వ్యాధికి తానే పాన్పు పరచుకుంటాడు.

1944 మార్చి నుండి జూలై వరకు ఇంఫాల్, కోహిమాల చుట్టూ జరిగిన పోరాటంలోనూ, ఆ తరువాత వర్షాలలో సాగిన పురోగమనంలోనూ ఈ సత్యం అనుభవానికి వచ్చింది. అస్సాం-బర్మా రంగంలో ఒక్క బెటాలియన్‌లోనే రెండు నెలల వ్యవధిలో 18 శాతం మంది స్క్రబ్ టైఫస్ పాలైనట్లు నమోదై ఉన్నది. ఆ సేనలలో అత్యధికులు భారతీయులే. పంజాబీలు, గూర్ఖాలు, గఢ్వాలీలు, మరాఠాలు, వంతెనలు కట్టి దారులు వేసిన మద్రాస్ సాపర్లలోని తమిళులు, తెలుగువారు అందరూ ఒకే బురదలో నిలిచారు. చిగ్గర్ ఎవరి భాషనూ అడగలేదు. అవతలి పక్షాన ఉన్న జపాను సైనికులను కూడా అది విడిచిపెట్టలేదు. అదే కాలంలో శ్రీలంకలో అడవి యుద్ధ శిక్షణ పొందుతున్న సేనలలోనూ, మాల్దీవులలోని అడ్డూ దీవుల నౌకాస్థావరంలోనూ ఈ జ్వరం చెలరేగింది.

యుద్ధావసరం పరిశోధనకు పురికొల్పింది. ఇంఫాల్‌లో స్క్రబ్ టైఫస్ పరిశోధనశాల వెలసింది. అక్కడ పనిచేసిన సైనిక వైద్యుడు రాల్ఫ్ ఆడీ, ఎలుకలను పట్టి, వాటి చెవులలోని మైట్లను లెక్కించి, నేల స్వభావాన్ని పరిశీలించి, ఈ వ్యాధి దేశమంతటా సమంగా పరచుకొని ఉండదని చూపాడు. అది దీవులు దీవులుగా ఉంటుంది. ఒక గుట్ట మీద విడిది చేసిన దళం క్షేమంగా ఉంటే, అక్కడికి కొద్ది దూరంలోనే దిగిన మరొక దళం మంచం పట్టవచ్చును. చిగ్గర్ తాను పుట్టిన చోటు నుండి కొద్ది మీటర్లకు మించి పోలేకపోవడమే ఇందుకు కారణం. తల్లి మైటు నుండి గుడ్డు ద్వారా పిల్లకు బాక్టీరియా సంక్రమిస్తుంది. కనుక ఒకసారి వ్యాధి పాతుకున్న జాగా తరాలు మారినా ప్రమాదకరంగానే మిగులుతుంది.

ఆనాడు చేతిలో ఉన్న ఆయుధం ఒక్కటే, నివారణ. డైబ్యూటైల్ థాలేట్ అనే నూనె వంటి పదార్థాన్ని సైనికులు తమ యూనిఫారాల అంచులకు పట్టించేవారు. అది మైట్లను చంపేది. టీకా తయారు చేయాలన్న ప్రయత్నం కూడా జరిగింది. కాని ఈ బాక్టీరియాలో రకాలు అనేకం. వాటిలో ఒకటైన గిలియం రకం 1943లో ఈ బర్మా రంగంలోని రోగి నుండే సేకరించబడినది. ఒక రకానికి కలిగిన రక్షణ మరొక రకానికి పనికిరాదు. అందుచేత నేటికీ ఈ వ్యాధికి టీకా లేదు.

మందు వచ్చిన దారి

చికిత్స లేని ఆ రోజులలో ఈ జ్వరం వచ్చినవారిలో మరణించేవారి సంఖ్య ప్రాంతాన్ని బట్టి మారేది. కొన్ని చోట్ల నూటికి ఐదారుగురు, కొన్ని చోట్ల ముప్పై మందికి పైగా చనిపోయేవారు. ఓపికగా చేసిన పరిచర్యే మందు.

1948లో పరిస్థితి మారింది. జోసెఫ్ స్మాడెల్ నాయకత్వంలో అమెరికన్ వైద్య బృందం కౌలాలంపూర్‌లో క్లోరాంఫెనికాల్ అనే కొత్త మందును స్క్రబ్ టైఫస్ రోగులకు ఇచ్చి చూసింది. రోగులు కోలుకున్నారు. స్క్రబ్ టైఫస్ అనుకొని చికిత్స చేసినవారిలో కొందరికి ఉన్నది నిజానికి టైఫాయిడ్ అని తరువాత తేలింది. వారికి కూడా జ్వరం తగ్గింది. ఆ విధంగా టైఫాయిడ్‌కు మందు దొరికినది కూడా ఆ ప్రయత్నంలోనే.

అదే సంవత్సరం మరొక మందు లోకానికి వెల్లడి అయింది. అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్‌ను వెలికితీశాడు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటి మందు. రికెట్సియా జ్వరాలపై అది చక్కగా పనిచేస్తుందని వెంటనే రుజువైనది. ఆ పరిశోధనశాలకు అప్పుడు దర్శకుడు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసు వైద్య కళాశాలలో చదివి, హార్వర్డ్ మీదుగా ఆ పదవికి చేరిన ఆ తెలుగు శాస్త్రజ్ఞుడు 1948 ఆగస్టులో న్యూయార్కులో కన్నుమూశాడు. ఆయన నడిపించిన పరిశోధన పుట్టించిన ఆ కుటుంబంలోనే తరువాతి తరపు మందు డాక్సీసైక్లిన్. 1967 నుండి వాడుకలో ఉన్న ఈ మందే నేడు స్క్రబ్ టైఫస్‌కూ ఇండియన్ టిక్ టైఫస్‌కూ ప్రధాన చికిత్స. సకాలంలో ఇస్తే రెండు రోజులలోపునే జ్వరం దిగుతుంది. సకాలంలో అన్న ఆ ఒక్క మాటలోనే అంతా ఉన్నది.

మరుపు, మేలుకొలుపు

మందు దొరికిన తరువాత వ్యాధిని మరచిపోవడం మనుష్య స్వభావం. డి.డి.టి. వాడకం, విస్తృత ప్రభావం గల యాంటీబయాటిక్‌ల వాడకం పెరగడంతో స్క్రబ్ టైఫస్ వార్తలు తగ్గాయి. వైద్య గ్రంథాలలో అది యుద్ధకాలపు వ్యాధిగా మిగిలిపోయింది. అయినా సైన్యానికి అది అప్పుడప్పుడు తన ఉనికిని గుర్తుచేస్తూనే వచ్చింది. 1965 భారత-పాకిస్తాన్ యుద్ధ సమయంలో సైనికులలో ఈ జ్వరం కనిపించింది. 1990లో పాకిస్తాన్ సరిహద్దున మోహరించిన ఒక దళంలో మళ్లీ తలెత్తింది.

ఆ తరువాతి దశాబ్దాలలో పరీక్షలు మెరుగుపడిన కొద్దీ, ఇది సరిహద్దుల వ్యాధి మాత్రమే కాదని తేటతెల్లమైనది. హిమాచల్ కొండలలోను, డార్జిలింగ్‌లోను, మేఘాలయలోను, తమిళనాడులోని వెల్లూరు పరిసరాలలోను, తిరుపతి చుట్టుపక్కల రాయలసీమ పల్లెలలోను ఈ రోగులు బయటపడ్డారు. తూర్పు ఉత్తరప్రదేశ్‌లోని గోరఖ్‌పూర్ ప్రాంతంలో ఏటేటా పిల్లలను పొట్టనపెట్టుకుంటున్న మెదడువాపు జ్వరాలను 2015 ప్రాంతంలో పరీక్షించగా, సగానికి పైగా పిల్లలలో స్క్రబ్ టైఫస్ ఆనవాళ్లు కనిపించాయి. ఏళ్ల తరబడి ఆ మరణాలకు అంతు చిక్కని కారణాలు వెదకుతూ ఉండగా, వాటిలో ఎన్నింటికో కారణం పొలంగట్టు గడ్డిలోనే ఉన్నది.

ఇరుగుపొరుగు దేశాల అనుభవమూ ఇటువంటిదే. యుద్ధకాలం తరువాత మరుగునపడిన ఈ జ్వరం 2002లో మాల్దీవులలో తిరిగి తలెత్తి ప్రాణాలు తీసింది. 2015 ఏప్రిల్ భూకంపం తరువాత ఇళ్లు కూలి, గుడారాలలోనూ ఆరుబయటా నేల మీద పడుకున్న నేపాల్ ప్రజలలో ఆ ఏడే స్క్రబ్ టైఫస్ వ్యాపించింది. ఆపద సామాన్యుణ్ణి సైనికుని వలె నేల మీదికి దించినప్పుడు, సైనికుని జ్వరం అతనికీ వస్తుంది.

గుర్తుపట్టడం ఎలా?

చిగ్గర్ కుట్టిన తరువాత సుమారు పది రోజులకు, ఒక్కొక్కప్పుడు ఆరు రోజులకే, ఒక్కొక్కప్పుడు మూడు వారాలకు జ్వరం ప్రారంభమవుతుంది. తీవ్రమైన తలనొప్పి, ఒళ్లునొప్పులు, కళ్లు ఎర్రబడడం, గజ్జలలోనో చంకలలోనో బిళ్లలు కట్టడం సాధారణ లక్షణాలు. ఒంటిమీద దద్దురు రావచ్చును. నల్లని చర్మం మీద అది సులభంగా కనిపించదు. ఇవన్నీ మలేరియా, డెంగీ, టైఫాయిడ్, ఎలుక జ్వరాలలో కూడా ఉండే లక్షణాలే. వీటి మధ్య తేడా చెప్పగల గొప్ప సాక్షి ఒక్కటే, కుట్టిన చోట ఏర్పడే నల్లని పక్కు. చుట్టూ ఎర్రని అంచుతో, మధ్య బొగ్గులాగా, సుమారు శనగగింజంత ఉంటుంది. నొప్పి ఉండదు, దురద ఉండదు. అందువల్ల రోగి దానిని చెప్పడు. అది సిగ్గు కొద్దీ దాచుకునే తావులలో ఉంటుంది కనుక వైద్యుడూ చూడడు. చంకలు, గజ్జలు, స్తనాల కింద, బొడ్డు, చెవి వెనుక, నడుము, తొడల మధ్య వెదికితేనే దొరుకుతుంది. అందరిలోనూ అది ఉండదు. ఇండియన్ టిక్ టైఫస్‌లో మరీ అరుదు. పక్కు లేనంత మాత్రాన జబ్బు లేదని చెప్పరాదు.

పూర్వం వెయిల్-ఫెలిక్స్ అనే రక్తపరీక్ష ఒక్కటే ఆధారం. 1916 నాటి ఆ పరీక్ష చవకైనదే కాని నమ్మదగినంత నిశితమైనది కాదు. నేడు ఎలీసా పరీక్ష జిల్లా స్థాయి వరకు చేరుతున్నది. పక్కు నుండి తీసిన చిన్న తునకలో బాక్టీరియా జన్యుపదార్థాన్ని నేరుగా గుర్తించే పద్ధతి పెద్ద కేంద్రాలలో ఉన్నది. కాని ఫలితం వచ్చేవరకు మందు ఆపరాదు. అనుమానం బలంగా ఉంటే పరీక్ష కోసం వేచి ఉండక డాక్సీసైక్లిన్ ఆరంభించాలని భారత వైద్య పరిశోధన మండలి 2015లో వైద్యులకు మార్గదర్శనం చేసింది. వ్యాధి ముదిరినవారి విషయంలో మరొక ముందడుగు మన దేశంలోనే పడింది. వెల్లూరు క్రిస్టియన్ వైద్య కళాశాల నాయకత్వంలో ఏడు ఆస్పత్రులలో సుమారు 800 మందిపై జరిగిన పరిశీలన ఫలితాలు 2023లో వెలువడ్డాయి. డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండింటినీ కలిపి నరంలోకి ఇచ్చినప్పుడు మరణం గాని, వ్యాధి మొండికేయడం గాని, తీవ్ర ఉపద్రవాలు గాని కలిగినవారు 33 శాతం. ఒక్కొక్క మందునే విడిగా ఇచ్చినప్పుడు ఆ సంఖ్య 47, 48 శాతాలుగా ఉన్నది.

కాపుదల

సైన్యం అనుసరించే జాగ్రత్తలు సరళమైనవి. విడిది చేసే స్థలంలో పొదలు నరికి, గడ్డి తొలగించి, నేలకు ఎండ తగిలేలా చేయాలి. తడి ఆరిన నేలలో మైటు బతకదు. నేల మీద కాక ఎత్తైన మంచం మీద పడుకోవాలి. ప్యాంటు అంచులను బూట్లలోకి దోపుకోవాలి. బట్టలకు పర్మెత్రిన్ మందు పట్టించాలి. తెరచి ఉన్న చర్మానికి పురుగులను దూరంగా ఉంచే మందు రాసుకోవాలి. ఈ పనికి గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన సంస్థ డెపా అనే మందును మన దేశంలోనే రూపొందించింది. విదేశాలలో వాడే డీట్‌కు ఇది దీటైన ప్రత్యామ్నాయం. గస్తీ నుండి తిరిగిరాగానే సబ్బుతో ఒళ్లు రుద్ది స్నానం చేయాలి. ఇంకా నాటుకోని చిగ్గర్ ఆ రుద్దుడుకే కొట్టుకుపోతుంది. ఉతికిన బట్టలను గడ్డి మీద, పొదల మీద ఆరవేయరాదు. అత్యంత ప్రమాదకరమైన ప్రాంతాలకు కొద్ది కాలం పోవలసినప్పుడు వారానికొకసారి 200 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ ముందుజాగ్రత్తగా పనిచేస్తుందని 1980ల ప్రారంభంలో తైవాన్, మలేసియాలలో జరిగిన పరిశీలనలు చూపాయి. ఇది వైద్యుడు నిర్ణయించవలసిన సంగతి. ఎవరికి వారు తీసుకోవలసినది కాదు.

పిడుదు పట్టినప్పుడు దానిని గోళ్లతో నలపరాదు. కిరసనాయిలు పోయరాదు. బీడీతో కాల్చరాదు. వీటివల్ల అది తన కడుపులోని ద్రవాన్ని గాయంలోకే కక్కవచ్చును. సన్నని చిమటాతో చర్మానికి దగ్గరగా పట్టి నిలువుగా మెల్లగా లాగి, ఆ చోటును సబ్బునీటితో కడగాలి. కరిచిన తేదీని గుర్తుంచుకోవాలి. రెండు మూడు వారాలలో జ్వరం వస్తే ఆ తేదీయే వైద్యునికి మొదటి ఆధారం.

ఇందులో పల్లెకు పనికిరాని జాగ్రత్త ఒక్కటీ లేదు. గడ్డి కోసే స్త్రీకి, కట్టెలు తెచ్చే గిరిజనునికి, పొదలచాటుకు బహిర్భూమికి పోయేవారికి ముప్పు జవానుకున్నంత ఉన్నది. వారికి యూనిఫారమూ లేదు, వెంట వైద్యదళమూ లేదు. ఇంటి చుట్టూ గుబురు పెరగనీయకపోవడం, ఎలుకలకు నెలవు లేకుండా ధాన్యం నిలువచేయడం, పొలం నుండి రాగానే స్నానం చేసి బట్టలు మార్చుకోవడం, పెంపుడు కుక్కల ఒంటిపై పిడుదులు లేకుండా చూడడం వారి చేతిలో ఉన్న కవచం.

సెలవు మీద వచ్చిన జవాను

చివరకు ఈ రెండు లోకాలూ కలిసే చోటు ఒకటున్నది. ఈశాన్య కొండలలోనో జమ్మూ దిగువనో విధులు నిర్వర్తిస్తున్న జవానును చిగ్గర్ కుడుతుంది. అతనికి ఏమీ తెలియదు. సెలవు దొరుకుతుంది. మూడు రోజులు రైలులో ప్రయాణం చేసి స్వగ్రామం చేరుతాడు. ఆ గ్రామం శ్రీకాకుళం జిల్లాలోనిది కావచ్చును, ఇంటింటికీ సైనికులున్నారని మిలటరీ మాధవరంగా పేరుపొందిన పశ్చిమ గోదావరి పల్లె కావచ్చును. వారం గడిచాక జ్వరం వస్తుంది. ఊరి వైద్యుడు మలేరియా అనుకొంటాడు, తరువాత టైఫాయిడ్ అనుకొంటాడు. రోగి ఎక్కడినుండి వచ్చాడని అడగడు. రోగి కూడా తాను పడుకున్న గడ్డిని గూర్చి చెప్పడు. ఐదారు రోజులు చేజారిన తరువాత ఊపిరి అందని స్థితిలో పట్నం ఆస్పత్రికి చేరుస్తారు.

ఈ కథ మరోలా ముగియడానికి పెద్ద ఖర్చు అవసరం లేదు. ఈ మూడు వారాలలో ఎక్కడెక్కడ తిరిగావు అన్న ఒక్క ప్రశ్న కావాలి. బట్ట తొలగించి, వెలుతురులో ఒళ్లంతా ఒకసారి చూసే ఓపిక కావాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కొద్ది రూపాయల మాత్ర సిద్ధంగా ఉండాలి. సెలవుపై బయలుదేరే ప్రతి సైనికునికీ, జ్వరం వస్తే తాను పనిచేసిన చోటు చెప్పమని సూచించే చిన్న కాగితం ఉండాలి.

ఇంఫాల్ బురదలో నేర్చిన పాఠం, కౌలాలంపూర్‌లో రుజువైన చికిత్స, భీమవరంలో పుట్టిన శాస్త్రజ్ఞుడు నడిపించిన పరిశోధన, వెల్లూరులో జరిగిన పరిశీలన, ఇవన్నీ కలిసి ఈ జ్వరాన్ని జయించదగినదిగా చేశాయి. ఆ జయం ఏ శిఖరం మీదా జరగదు. ఒక చిన్న ఆస్పత్రి గదిలో, దీపం దగ్గరగా జరిపి, రోగి చంక కింద నల్లని పక్కును వైద్యుడు చూసిన క్షణంలో జరుగుతుంది.